కడప, కర్నూలు యాత్రారచనల్లో వాస్తుశిల్ప దర్శనం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పరాయి చోట తిరిగేవాడు అక్కడి కట్టడాలను ఏ దృష్టితో చూస్తాడు? అతని రాతను ఆ చోటివారు తర్వాత ఎలా వాడుకుంటారు? ఈ రెండు ప్రశ్నలను రాయలసీమలోని కడప, కర్నూలు సీమలకు అన్వయించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1652లో గండికోటకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు ఝాఁ బతీస్త్ టావెర్నియే, 1794లో శ్రీశైలం చూసిన స్కాటిష్ సర్వేయరు కాలిన్ మెకంజీ, 1830లో ఇదే దారిన కాశీకి వెళ్లిన ఏనుగుల వీరాస్వామయ్య ఇక్కడ ప్రధానంగా చర్చకు వస్తారు. వారి రాతల పక్కన గ్రామ కైఫీయత్తులను నిలిపి, ఒక్కొక్కరి చూపు దేనిని వెలికితెచ్చిందో, దేనిని వదిలిందో వివరించడం జరిగింది. పరదేశి ప్రశంసను ముక్కగా తుంచి వాడుకొనే నేటి అలవాటు మన పరిశోధనకు చేస్తున్న హానిని చివర చర్చించడమైనది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, వాస్తుశిల్పం, గండికోట, ఒంటిమిట్ట, శ్రీశైల ప్రాకారం, కాశీయాత్ర చరిత్ర, కైఫీయత్తులు.

1. ప్రవేశిక:

కళను గురించిన జ్ఞానంలో ప్రయాణానికి పెద్ద పాత్ర ఉంది. నిత్యం కళ్ల ముందు ఉండే గోపురాన్ని ఊరివారు చూస్తూనే ఉంటారు. దానిని వర్ణించవలసిన అవసరం వారికి రాదు. బయటినుంచి వచ్చినవాడికే ఆ అవసరం కలుగుతుంది. తాను చూసినదాన్ని చూడనివారికి చెప్పాలి కనుక అతడు కొలుస్తాడు, పోలుస్తాడు, పేరు పెడతాడు. ఈ కారణంగానే మన ప్రాంతపు కట్టడాల తొలి వర్ణనలు అనేకం పరాయివారి రాతల్లో దొరుకుతున్నాయి.

అయితే వర్ణించినవాడు చూసినవన్నీ రాయడు. తన వృత్తి, తన విశ్వాసం, తన అవసరం అనుమతించినంత మేరకే రాస్తాడు. కాబట్టి యాత్రారచనను ఆధారంగా తీసుకొనేటప్పుడు అందులో ఏముందో చూడడం ఒక్కటే చాలదు. అది ఎవరి కోసం, ఏ పనిమీద వచ్చినవాడు రాసినదో కూడా చూడాలి. రాయలసీమ కట్టడాలపై వచ్చిన వ్యాసాల్లో మొదటి పని విస్తారంగా జరిగింది. రెండవది అంతగా జరగలేదు. ఈ లోటును గుర్తుచేయడానికే ఈ ప్రయత్నం.

2. వర్తకుని చూపు - టావెర్నియే:

టావెర్నియే రత్నాల వర్తకుడు. 1652లో మచిలీపట్నం, మద్రాసు మీదుగా గండికోటకు వచ్చాడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ దుర్గాన్ని పెమ్మసాని నాయకుల నుంచి వశపరచుకొన్న కొద్దికాలానికే ఈ రాక జరిగింది. నవాబుకు ముత్యాలు, రత్నాలు చూపి అమ్ముకోవడమే ప్రయాణ లక్ష్యం. 1676లో అచ్చయిన అతని యాత్రాగ్రంథంలో గండికోట వర్ణన ఉంది. కొండను తొలిచి వేసిన ఇరుకుదారి, కింద లోయలో నది, శత్రువుకు సులభంగా చిక్కని దుర్గపు అమరిక అతని దృష్టిని ఆకర్షించాయి. నవాబు కాలివేళ్ల మధ్య, చేతివేళ్ల మధ్య ఉత్తరాలు ఇరికించుకొని వ్యవహారాలు నడిపిన తీరును కూడా అతడు శ్రద్ధగా రాశాడు. బేరానికి వచ్చినవాడు బేరగాణ్ణి గమనించడం సహజమే.

గండికోటలో శిల్పానికి సంబంధించి అతడు రాసిన ముఖ్య విషయం ఒక విధ్వంస వృత్తాంతం. క్లాడ్ మైయే అనే ఫ్రెంచివాడు నవాబు కోసం ఫిరంగులు పోతపోయడానికి కుదిరాడు. అందుకు కావలసిన లోహం కోసం గుళ్లలోని విగ్రహాలను తెప్పించి కరిగించారు. గండికోట గుడికి చెందిన ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదని, పూజారులు మంత్రం వేశారని నవాబు వారిని బెదిరించాడని, చివరకు ఒక్క ఫిరంగి కూడా తయారు కాలేదని టావెర్నియే చెప్పాడు.

ఈ కథను భక్తులు మహిమగా చదువుతారు, చరిత్రకారులు లోహశాస్త్ర సమస్యగా చదువుతారు. కళావిమర్శ దృష్టితో చదివితే మరొక సంగతి కనబడుతుంది. కరిగిపోయిన విగ్రహాలు ఎవరివి, ఏ భంగిమలో ఉన్నాయి, ఏ పనితనం కలవి అన్న ప్రశ్నలు ఈ రాతలో పుట్టనే లేదు. కరగని ఆరింటి లెక్క మిగిలింది; కరిగినవాటి లెక్క మిగలలేదు. రత్నం తూకాన్ని, నీటిని, పగులును పరీక్షించి విలువకట్టగలిగిన నిపుణుడు విగ్రహాన్ని మాత్రం లోహంగానే చూశాడు. నైపుణ్యం ఒక రంగంలో ఉన్నంతమాత్రాన మరొక రంగంలో చూపు రాదనడానికి ఇది ఉదాహరణ.

ఇదే ప్రయాణంలో అతడు పేర్కొన్న ఒక గుడిని ఒంటిమిట్ట కోదండరామాలయంగా గుర్తించారు. దేశంలోని ఘనమైన ఆలయాలలో అది ఒకటని, పెద్ద పెద్ద చెక్కుడు రాళ్లతో కట్టినదని, మూడు గోపురాలు ఉన్నాయని అతడు రాశాడు. అంతటితో ఆగలేదు. ఆ గోపురాలపై చెక్కిన బొమ్మలు వికృతమైనవని వెంటనే చేర్చాడు. ఈ రెండవ భాగం ఎంతో ముఖ్యం. రాతి పరిమాణాన్ని, నిర్మాణ ఘనతను అతని కన్ను ఒప్పుకొంది. ఆ రాతిలోని రూపాలను ఒప్పుకోలేదు. ఇది టావెర్నియే ఒక్కడి లోపం కాదు. ఐరోపా యాత్రికులు తమ పురాణాల్లోని రాక్షసరూపాలను మన దేవతామూర్తుల్లో చూసుకొన్న తీరును పార్థ మిత్తర్ తన ‘మచ్ మలైన్డ్ మాన్‌స్టర్స్’ (1977) గ్రంథంలో విస్తారంగా చర్చించారు. ఒంటిమిట్టపై టావెర్నియే మాట ఆ సుదీర్ఘ ధోరణిలో ఒక భాగం.

3. సర్వేయరు చూపు - మెకంజీ:

టావెర్నియే తర్వాత దాదాపు నూటనలభై ఏళ్లకు కాలిన్ మెకంజీ శ్రీశైలం చేరాడు. 1783లో సైనిక ఉద్యోగిగా భారతదేశానికి వచ్చిన ఇతడు తర్వాత 1815లో భారత సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1794 నాటి అతని దినచర్యలోని శ్రీశైల భాగం 1798లో ‘ఏషియాటిక్ రిసర్చెస్’ అయిదవ సంపుటంలో వెలువడింది.

ఈ రచనలో గుణాత్మకమైన మార్పు కనిపిస్తుంది. మెకంజీ వృత్తి కొలత. అందువల్ల ఆలయ ప్రాకారాన్ని అతడు కట్టడంగా చూశాడు: రాళ్ల పరిమాణం, అవి చతురస్రంగా తీర్చిన తీరు, ఒకదానిపై ఒకటి అతికిన పద్ధతి, వాటిపై వరుసలు వరుసలుగా సాగిన శిల్పఫలకాలు. ఏనుగులు, గుర్రాలు, వేటదృశ్యాలు, ఊరేగింపులు, వాటి పైన పురాణగాథలు అంటూ వరుసల క్రమాన్ని గుర్తించాడు. ఇక్కడ వికృతమనే తీర్పు ముందుకు రాలేదు. తీర్పు చెప్పకముందే చూడడం, చూసినదాన్ని క్రమంగా నమోదు చేయడం అనే పద్ధతి వచ్చింది. శ్రీశైల ప్రాకారంపై తర్వాత జరిగిన అధ్యయనాలన్నిటికీ ఈ నమోదు తొలిమెట్టు అనవచ్చు.

కాని ఆ పద్ధతికీ హద్దు ఉంది. గర్భాలయంలోని మల్లికార్జున లింగాన్ని లోహపు అద్దంతో లోపలికి మళ్లించిన ఎండ వెలుతురులో మాత్రమే తనకు చూపించారని మెకంజీ రాశాడు. ప్రాకారం మీది ఫలకాలను పట్టపగలు నిలబడి చూసినవాడు, ఆ ప్రాకారం దేనిని చుట్టి ఉందో దానిని క్షణకాలపు ప్రతిఫలనంలో చూశాడు. ఈ తేడా అతని రచనలోనూ ఉంది. వెలుపలి గోడ వర్ణన వివరంగా ఉంటుంది. గోడకూ గర్భగుడికీ గల సంబంధం వివరంగా ఉండదు. ప్రదక్షిణ చేసే భక్తుడు ఆ ఫలకాలను ఏ వరుసలో చూస్తాడు, ఏ గాథ తర్వాత ఏ గాథ వస్తుంది, ఆ క్రమానికి శైవసంప్రదాయంలో అర్థమేమిటి అన్నవి కొలతబద్దకు అందే ప్రశ్నలు కావు.

మెకంజీ ఈ పరిమితిని తానే గుర్తించాడు. 1796లో కావలి బొర్రయ్య తన దగ్గర చేరిన తర్వాతనే హిందూసమాజపు విజ్ఞానానికి తనకు ద్వారం తెరుచుకొందని 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో ఒప్పుకొన్నాడు. శ్రీశైల దినచర్య 1794 నాటిది, అంటే బొర్రయ్య రాకకు ముందుది. మెకంజీ శ్రీశైల వర్ణనను ఉదాహరించే పరిశోధకులు ఈ రెండేళ్ల ఎడాన్ని గమనించాలి. బొర్రయ్య రాకముందటి మెకంజీ, కావలి సోదరుల సాయంతో పనిచేసిన మెకంజీ ఒకే రకమైన ఆధారం కారు.

4. యాత్రికుని చూపు - వీరాస్వామయ్య:

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న సపరివారంగా బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. దారిపొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసిన వృత్తాంతమే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు దానిని పరిష్కరించి మళ్లీ ప్రకటించారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగిన ప్రయాణం కనుక ఆనాటి కడప జిల్లా, కందనవోలు నవాబు సీమ రెండూ ఇందులో ఉన్నాయి.

ఈ గ్రంథంలో శిల్పవర్ణన వెతికే విద్యార్థికి మొదట నిరాశ కలుగుతుంది. ప్రతి మజిలీలో దారి రాతినేలా ఇసుకపరా, బావి ఉందా, నీళ్లు మంచివా, అంగళ్లు ఉన్నాయా, దిగడానికి తావుందా అన్నవే ముందు వస్తాయి. మెకంజీ ఫలకాల వరుసలు లెక్కించిన చోట వీరాస్వామయ్య యాత్రికుల నుంచి నవాబు రాబట్టే పన్ను లెక్క చెబుతాడు. ఆ రాబడి ఆలయాల బాగుకు ఖర్చు కాకపోవడాన్ని ఆక్షేపిస్తాడు.

దీన్నిబట్టి మనవారికి కళాదృష్టి లేదని తేల్చడం తొందరపాటు. ఇక్కడ ప్రశ్న వేరు. వాననీడ ప్రాంతంలో, వేసవి చివర, పెద్ద పరివారంతో నడిచేవాడికి కట్టడమంటే మొదట ఆశ్రయం. చెరువు, బావి, కోనేరు, సత్రం, మంటపం, కొండమెట్లు అతని వాస్తుశాస్త్రం. అహోబిల, శ్రీశైలాలకు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో మెట్లు కట్టించాడన్నది ప్రసిద్ధం. ఆ మెట్లను శైలిభేదాల పట్టికలో చేర్చడం కష్టం. కాని నల్లమల ఎక్కి దిగినవాడి కాళ్లకు వాటి విలువ తెలుస్తుంది. ప్రయోజనాన్ని అందం నుంచి వేరుచేసి చూడడం ఆధునిక కళాచరిత్ర పెట్టిన అలవాటు. వీరాస్వామయ్యకు ఆ వేర్పాటు లేదు.

పైగా పన్ను గురించిన అతని ఆక్షేపణలో ఒక నిర్దిష్టమైన విమర్శ ఉంది. కట్టడం నిలవాలంటే దాని రాబడి దానికి చేరాలన్నది ఆ విమర్శ సారం. టావెర్నియే ఘనతను చూశాడు, మెకంజీ క్రమాన్ని చూశాడు. కట్టడాన్ని నిలిపే ఆర్థికాన్ని చూసినవాడు వీరాస్వామయ్య. 1839లో నవాబు పాలన అంతమై కర్నూలు కంపెనీ వశమైంది. ఆ మార్పుకు ముందు శ్రీశైలం ఎలా నడిచిందో తెలుసుకోవడానికి తెలుగులో ఇంత దగ్గరగా చూసి రాసిన సాక్ష్యం అరుదు.

అయితే ఈ చూపుకూ లోపం లేకపోలేదు. ఆచారవంతుడైన పట్టణోద్యోగి కావడంవల్ల తన వర్గపు వసతినే అతడు వసతిగా లెక్కించాడు. ఆ దారిలోని మట్టిమిద్దెలు, వాటిని ఎండకు తట్టుకొనేలా కట్టిన పనివారు, నల్లమలలోని చెంచుల గుడిసెల నిర్మాణం అతని శ్రద్ధకు కేంద్రం కాలేదు.

5. ఊరివారి మాట - కైఫీయత్తులు:

ఈ ముగ్గురూ దారిన పోయేవారు. ఊళ్లో ఉన్నవారు తమ కట్టడాల గురించి ఏమనుకొన్నారు? దీనికి సమాధానం మెకంజీయే సేకరింపజేసిన గ్రామ కైఫీయత్తుల్లో కొంత దొరుకుతుంది. కడప జిల్లా కైఫీయత్తులు కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ద్వారా కట్టా నరసింహులు గారి కృషితో సంపుటాలుగా వెలువడ్డాయి.

కరణాలు దండకవిలెలు చూసి, పెద్దలను అడిగి రాయించిన ఈ వృత్తాంతాల్లో గుడి ఒక హక్కుపత్రంలా కనిపిస్తుంది. ఎవరు ప్రతిష్ఠించారు, ఏ ప్రభువు ఏ మాన్యం ఇచ్చాడు, ఆ భూమి ఏ చెరువు కింద పారుతుంది, ఏ కాలంలో ఆ మాన్యం తెగిపోయింది అన్నవే ఇందులో విషయాలు. శిల్పం అందచందాలు దాదాపుగా ప్రస్తావనకు రావు. ఊరివారి దృష్టిలో గుడి అంటే నీరు, నేల, పూజ కలిసిన ఒక వ్యవస్థ. ఈ అంశంలో కైఫీయత్తుకు, వీరాస్వామయ్యకు దగ్గరి చుట్టరికం ఉంది. పుష్పగిరిని పెన్న నుంచి, ఒంటిమిట్టను దాని చెరువు నుంచి, గండికోటను రాయలచెరువు, కత్తుల కోనేరుల నుంచి విడదీసి చూడలేమని ఈ తెలుగు ఆధారాలు బోధిస్తాయి.

శ్రీశైలం జలాశయ నిర్మాణంతో ఈ బోధ మరింత స్పష్టమైంది. మునిగిపోయే తావులోని రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి కర్నూలు దగ్గరి జగన్నాథగట్టుపై తిరిగి నిలబెట్టారు. చాళుక్య శిల్పాన్ని కాపాడిన ఆ పని మెచ్చదగినదే. మెకంజీ పద్ధతిలో కొలిస్తే గుడి అక్కడే ఉంది. అయితే పేరులో సంగమం ఉన్న దేవుడికి పక్కన నది లేదు. వీరాస్వామయ్య పద్ధతిలో చూస్తే పోయినదేమిటో వెంటనే తెలుస్తుంది. మునిగిన తావుల విషయంలో నీరు, రేవు, దారి రాసిపెట్టిన పాత యాత్రారచనలు ఇప్పుడు శిల్పవర్ణనలతో సమానమైన విలువ సంపాదించుకొన్నాయి.

కాగా నాలుగు ఆధారాల్లోనూ ఉమ్మడిగా ఒక మౌనం ఉంది. చెక్కినవాడి పేరు సాధారణంగా ఎక్కడా రాదు. వర్తకుడికి అతడు అక్కరలేదు, సర్వేయరుకు అతడు దొరకలేదు, యాత్రికుడు అతణ్ణి అడగలేదు, కరణం మాన్యమిచ్చిన ప్రభువు పేరే రాశాడు. పరదేశి చూపు లోపాలను ఎత్తిచూపేటప్పుడు మన రాతల్లోని ఈ లోపాన్ని దాచడం న్యాయం కాదు.

6. తుంచిన ప్రశంస:

2014 రాష్ట్ర విభజన తర్వాత శ్రీరామనవమి అధికారిక ఉత్సవాలకు ఒంటిమిట్ట వేదికైంది. అప్పటినుంచి ఆ ఆలయంపై వ్యాసాలు, కరపత్రాలు పెరిగాయి. వాటిలో తరచుగా కనిపించే మాట, టావెర్నియే ఈ గుడిని దేశంలోని ఘనమైన ఆలయాల్లో ఒకటిగా కీర్తించాడన్నది. ఆ మాట నిజం. కాని అదే చోట గోపురాల మీది బొమ్మలను అతడు వికృతమన్న సంగతి ఈ వ్యాసాల్లో రాదు. ప్రశంస మనకు పనికివచ్చింది, నింద పనికిరాలేదు. అందుచేత వాక్యాన్ని మధ్యకు తుంచాం.

ఇందులో రెండు దోషాలున్నాయి. మొదటిది పరిశోధనా నియమానికి సంబంధించినది: మూలాన్ని చూడకుండా ఒకరి వ్యాసం నుంచి మరొకరు ఎత్తిరాయడం. రెండవది అంతకంటె లోతైనది. ఒంటిమిట్ట గోపురం ఘనమైనదని చెప్పడానికి మూడు వందల డెబ్బయి ఏళ్ల కిందటి రత్నవర్తకుడి సాక్ష్యం కావాలన్న భావన అందులో ఉంది. ఆ శిల్పాన్ని వికృతంగా చూసిన కంటినే దాని గొప్పతనానికి ప్రమాణంగా నిలబెడుతున్నాం.

గండికోటకు భారతదేశపు గ్రాండ్ క్యాన్యన్ అని పేరు పెట్టడం ఇలాంటిదే. మైలుకు మించిన లోతుగల కొలరాడో లోయతో పోలిస్తే పెన్న లోయ చిన్నదిగానే తేలుతుంది. ఎర్రమల కొండను పెన్న కోసుకొన్న చోటును కోటకు సహజమైన అగడ్తగా వాడుకొన్న నిర్మాణబుద్ధి గండికోట విశేషం. ఆ విశేషం పోలికలో కనిపించదు. ఈ పేరు విని వచ్చినవారిలో చాలామంది లోయ అంచున నిలిచి, మాధవరాయ ఆలయానికీ, జామియా మసీదుకూ, ధాన్యాగారానికీ వీపు చేసి ఫోటోలు తీసుకొని వెళ్లడం ఈ వ్యాసకర్త పలుమార్లు గమనించిన విషయం. పేరు ఏ దిక్కు చూడమంటే మనిషి ఆ దిక్కే చూస్తాడు.

పరదేశి పోలికలు వద్దనడం ఇక్కడి వాదం కాదు. మెకంజీ లేకపోతే కైఫీయత్తులే లేవు. పోలిక ఏ గుణాన్ని చూపుతోంది, ఏ గుణాన్ని దాస్తోంది అని అడగడం మన బాధ్యత. అలా అడగడానికి కావలసిన మాటలు మనకు కొత్తవి కావు. అధిష్ఠానం, ఉపపీఠం, కపోతం, కుంభపంజరం, శాలాశిఖరం వంటి శాస్త్రపదాలున్నాయి. కూసం, దూలం, దంతె, మిద్దె, గట్టు, తూము వంటి పనివారి మాటలున్నాయి. రెండు వరుసల మాటలూ కలిసిన వర్ణన మన సిద్ధాంతగ్రంథాల్లో ఇంకా అరుదుగానే కనిపిస్తోంది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. టావెర్నియే రచన కట్టడపు ఘనతను గుర్తించి, శిల్పరూపాన్ని నిరాకరించింది. దానిని ప్రశంసగా మాత్రమే ఉదాహరించడం మూలానికి అన్యాయం.

2. మెకంజీ శ్రీశైల వర్ణన పద్ధతి ప్రకారం జరిగిన తొలి నమోదుల్లో ఒకటి. అయితే అది కావలి బొర్రయ్య రాకకు ముందటిది. వెలుపలి గోడకు పరిమితమైన చూపు.

3. వీరాస్వామయ్య రచనలో శిల్పవర్ణన తక్కువైనా, నీరు, దారి, వసతి, రాబడి ఆధారంగా కట్టడాన్ని అర్థం చేసుకొనే తీరు ఉంది. కరువుసీమ వాస్తును వివరించడానికి ఆ తీరు ఎంతో అవసరం.

4. కైఫీయత్తులు గుడిని నేలతో, నీటితో ముడిపెట్టి చూపుతాయి. శిల్పి విషయంలో అవీ మౌనంగానే ఉన్నాయి.

5. ఈ నాలుగు ఆధారాలనూ ఒకే కట్టడం ముందు ఉంచి చదవడం రాయలసీమ కళాచరిత్రకు తక్షణావసరం.

ఈ చివరి పనికి శ్రీశైల ప్రాకారం, ఒంటిమిట్ట, గండికోట సిద్ధంగా ఉన్నాయి. కడప, కర్నూలు కళాశాలల విద్యార్థులకు అవి ఒక పూట ప్రయాణం. మూలగ్రంథంలోని వాక్యాన్ని పూర్తిగా చదివి, తర్వాత ఆ గోపురం ముందు నిలిచి, తాను చూసినదాన్ని తన మాటల్లో రాయమని పరిశోధకుణ్ణి కోరడం మార్గదర్శకులుగా మనం చేయగల పని. ఆ రాత టావెర్నియేతో ఏకీభవించనక్కరలేదు, మనల్ని మనం మెచ్చుకోవడానికి ఉపయోగపడనక్కరా లేదు. ఆ రాయి మీద ఏముందో అది చెబితే చాలు.